వెబ్‌సైట్ మెనూని డేటాబేస్ నుంచి తెప్పించుకోవడం ఎలా: టేబుల్ నుంచి డ్రాప్‌డౌన్ దాకా

"అన్నా, మెనూలో ఒక్క ఐటెం కలపాలంటే అన్ని ఫైళ్ళూ తెరవాల్సొస్తోంది, వేరే దారి లేదా?" ఇదే ప్రశ్న మా పీజీ హాస్టల్లో ఒకడు అడిగాడు, ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, పోయిన వారం ఊర్నుంచి మా తమ్ముడూ ఫోన్ చేసి అడిగాడు. ప్రతిసారీ నోటితో చెప్పేకన్నా ఒకసారి రాసిపెడితే లింక్ పంపేయొచ్చని ఇది రాస్తున్నా.

నాకూ ఇది దెబ్బ తిన్నాకే తెలిసింది. బెంగళూరు మారతహళ్ళిలో మేముండే వీధి చివర ఒక పచ్చళ్ళ షాపుంది, ఓనర్ని అందరం బాబాయ్ అనే పిలుస్తాం. ఆయనకి సైట్ నేనే చేసిచ్చా. అప్పట్లో మెనూ మొత్తం 14 పేజీల్లో చేత్తో రాసేశా. ఎండాకాలం రాగానే "కొత్తావకాయ పైన కనపడాలి రా" అన్నాడు, 13 ఫైళ్ళు మార్చి ఒకటి మర్చిపోయా, ఆ ఒక్క పేజీ చూసిన కస్టమరే ఫోన్ చేసి "కొత్తావకాయ ఇంకా రాలేదా" అని అడిగింది. ఆ రాత్రే టేబుల్‌లోకి మార్చేశా.

కోడ్ ఇక్కడ మాటల్లోనే చెప్తున్నా, కాపీ పేస్ట్ కోసం వచ్చుంటే సారీ. కాలమ్ పేర్లూ ఫంక్షన్ పేర్లూ మీరు ఎడిటర్‌లో ఇంగ్లీషులోనే టైప్ చేసుకోండి. విషయం అర్థమైతే పెద్ద కోడేం కాదు.

ముందు ఇవి రెడీగా పెట్టుకోండి

- పీహెచ్‌పీ (సర్వర్‌లో పేజీ తయారుచేసే భాష) 8 సిరీస్‌లో ఏదైనా, దాంతో డేటాబేస్‌గా మైఎస్‌క్యూఎల్ 8 లేదా మారియాడీబీ. ఎక్సాంప్ (సొంత కంప్యూటర్‌లోనే సర్వర్ నడిపే ప్యాకేజీ) వేసుకున్నోళ్ళకి పీహెచ్‌పీ, డేటాబేస్ రెండూ కలిసే వస్తాయి, అందులో మైఎస్‌క్యూఎల్ అని రాసున్నా లోపల ఉన్నది మారియాడీబీయే, మన పనికి తేడా ఏం లేదు.
- టేబుల్ చూసుకోడానికి పీహెచ్‌పీమైఅడ్మిన్.
- హెచ్‌టీఎంఎల్‌లో యూఎల్, ఎల్ఐ ఎలా వాడతారో తెలిసుండాలి, సీఎస్ఎస్ కొంచెం.
- ఒక తెల్ల కాగితం, పెన్ను. జోక్ కాదు.

పాత ట్యుటోరియల్ చూసి మైఎస్‌క్యూఎల్ అండర్‌స్కోర్ కనెక్ట్ అని మొదలుపెట్టారా, అక్కడే ఆపండి. ఆ పాత ఫంక్షన్లన్నీ పీహెచ్‌పీ 7 లోనే, అంటే 2015లోనే తీసేశారు. పీడీఓ వాడండి, పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌తో మాట్లాడే ఇప్పటి పద్ధతి అది.

1. మెనూని ముందు కాగితం మీద గీయండి

బాబాయ్ షాపు మెనూ ఇదీ: హోమ్, పచ్చళ్ళు, పొడులు, స్వీట్లు, మా గురించి. పచ్చళ్ళ కింద ఆవకాయ, గోంగూర, ఉసిరికాయ, చింతకాయ. పొడుల కింద కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం. స్వీట్ల కింద అరిసెలు, సున్నుండలు, పూతరేకులు. పైన 5, కింద 10, మొత్తం 15. ఈ 15 అనే అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత చెక్ చేసేటప్పుడు కావాలి.

రెండు అంతస్తులు చాలు. మూడోది పెట్టాలని చేతులు దురద పెడతాయి, ఫోన్‌లో దాన్ని వేలితో తెరవాల్సింది మీరు కాదు, కస్టమర్. అంతగా కావాలంటే మూడోదాన్ని ఆ పేజీ లోపల ఫిల్టర్‌గా పెట్టుకోండి.

2. టేబుల్ కట్టండి

ఒక్కటే టేబుల్, ఆరు కాలమ్స్. ఐడీ, పేరెంట్ ఐడీ, పేరు, లింకు, వరస, ఆన్ ఆఫ్. పేరెంట్ ఐడీ అంటే ఈ ఐటెం ఎవరి కింద ఉందో వాళ్ళ ఐడీ, అంతే. ఆవకాయ రోలో (టేబుల్‌లో ఒక్కో ఐటెంకి ఒక్కో రో) పేరెంట్ ఐడీ దగ్గర పచ్చళ్ళు ఐడీ ఉంటుంది. పై వరసలో ఉండేవాటికి అది ఖాళీ, అంటే నల్.

ఇక్కడే జనం పడే గుంటలు చాలా ఉన్నాయి, ఒక్కోటీ చూద్దాం.

వరస కాలమ్‌కి ఆర్డర్ అని పేరు పెట్టకండి. అది ఎస్‌క్యూఎల్ సొంత మాట, క్వెరీ (డేటాబేస్‌ని అడిగే వాక్యం) రాయగానే సింటాక్స్ ఎర్రర్ కొడుతుంది, అరగంట కామా కోసం వెతుకుతారు. సార్ట్ ఆర్డర్ అనో పొజిషన్ అనో పెట్టండి.

పేరెంట్ ఐడీ నుంచి అదే టేబుల్ ఐడీకి ఫారిన్ కీ వేయండి, అంటే టేబుల్‌లో లేని ఐడీని పేరెంట్‌గా ఒప్పుకోని కట్టు. రెండు కాలమ్స్ టైపు అచ్చం ఒకేలా ఉండాలి, ఒకటి అన్‌సైన్డ్ అయ్యి ఇంకోటి కాకపోతే కీ పడదు. డిలీట్ చేస్తే ఏం జరగాలి అని అడిగే చోట రిస్ట్రిక్ట్ పెట్టండి, కింద పిల్లలున్నంతవరకు పైదాన్ని తీయనివ్వదు. క్యాస్కేడ్ పెడితే పచ్చళ్ళు రో తీసేసిన క్షణం ఆవకాయ, గోంగూర అన్నీ గోవిందా. సెట్ నల్ పెడితే ఇంకో తమాషా, పిల్లలన్నీ ఎగిరొచ్చి పై బార్‌లో కూర్చుంటాయి. అసలు డిలీట్ అనేదే వాడకుండా ఆన్ ఆఫ్ కాలమ్ ఉన్నది అందుకే, ఉసిరికాయ సీజన్ అయిపోతే 0, మళ్ళీ వచ్చాక 1.

క్యారెక్టర్ సెట్ (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి, ఎంబీ4 అన్న తోక మర్చిపోకుండా. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్8లో 3 బైట్లు తీసుకుంటుంది, మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త యూటీఎఫ్8 అనేది 3 బైట్ల వరకే పడుతుంది, కాబట్టి తెలుగు బాగానే వస్తుంది, మనం కూడా అంతా బాగుందనుకుంటాం. బాబాయ్ నల్లకారం పక్కన మిరపకాయ ఎమోజీ పెట్టమన్నాడు చూడండి, అప్పుడు తెలిసింది. ఎమోజీకి 4 బైట్లు కావాలి. సేవ్ కాలేదు.

3. కనెక్షన్‌కి కూడా అదే చెప్పండి

టేబుల్‌లో పెట్టినంత మాత్రాన సరిపోదు, పీడీఓ కనెక్షన్ స్ట్రింగ్‌లో కూడా క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని రాయాలి. ఇది మర్చిపోతే వచ్చే రెండు రకాల చెత్తని గుర్తుపట్టడం నేర్చుకోండి, ఎందుకంటే రెండిటికీ మందు వేరు.

పేజీలో తెలుగు బదులు తలమీద గీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన చిన్న సున్నా, మళ్ళీ అదే ఏ, అలా వరసగా కనపడుతోందా? అయితే ఎక్కడో ఒకచోట బైట్లని తప్పుగా చదువుతున్నారని అర్థం, డేటా చాలావరకు బతికే ఉంటుంది, కనెక్షన్ సెట్టింగూ పేజీ హెడ్‌లో మెటా చార్‌సెట్టూ సరిచేసి చూడండి. అలా కాకుండా పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో చూసినా సరే అక్షరానికో ప్రశ్నార్థకం కనపడుతోందా? అయితే సేవ్ అయ్యేటప్పుడే పోయింది, తిరిగి రాదు, కాలమ్ సరిచేసి మళ్ళీ టైప్ చేసుకోవడమే.

4. టేబుల్‌లో రోలు నింపండి

వరస దగ్గర 1, 2, 3 అని ఇవ్వకండి, 10, 20, 30 అని ఇవ్వండి. రేపు గోంగూరకీ ఉసిరికాయకీ మధ్య ఇంకోటి దూర్చాలంటే 25 అని ఇచ్చేస్తే సరిపోతుంది, మిగతావి కదిలించక్కర్లేదు.

లింకు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. తెలుగులో పెట్టినా బ్రౌజర్ చూపిస్తుంది, బాగానే ఉంటుంది, కానీ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఒక్కో అక్షరం పర్సెంట్ గుర్తులతో 9 అక్షరాలవుతుంది. ఆవకాయ అనే మాటలో దీర్ఘంతో కలిపి 5 క్యారెక్టర్లు, లింకులో అవి 45. బాబాయ్ అది చూసి వైరస్ అనుకున్నాడు.

మూడు భాషలు కావాలంటే? బెంగళూరులో షాపు కదా, బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలన్న రూలు బోర్డులకే, కానీ కొనేవాళ్ళలో కన్నడ వాళ్ళూ ఉన్నారు. తెలుగు పేరు, కన్నడ పేరు, ఇంగ్లీషు పేరు అని కాలమ్స్ పెంచుకుంటూ పోకుండా పేర్లకి వేరే టేబుల్ పెట్టండి, అందులో మెనూ ఐడీ, భాష, పేరు. కలిపేటప్పుడు లెఫ్ట్ జాయిన్ వాడండి, కన్నడ పేరు లేకపోతే తెలుగు పేరు చూపించండి. మామూలు జాయిన్ వాడితే కన్నడ పేరు రాయని ఐటెం మెనూలోంచే మాయమైపోతుంది, ఎర్రర్ కూడా రాదు.

5. ఒక్క క్వెరీతో అంతా తెచ్చుకోండి

ఆన్‌లో ఉన్న రోలన్నీ, వరస ప్రకారం, ఒకేసారి. అంతే క్వెరీ. నేను మొదట్లో చేసిన తప్పు, మీరూ చేస్తారు కాబట్టి చెప్తున్నా: ముందు పైవాటిని తెచ్చుకుని, వచ్చిన ఒక్కోదానికీ, కిందవాటికి కూడా, లోపల మళ్ళీ "నీ పిల్లలెవరు" అని డేటాబేస్‌ని అడగడం. 15 ఐటెంలకి 16 క్వెరీలు, అదీ ప్రతి పేజీకి, ప్రతి మనిషికి. లోకల్‌లో మెరుపులా ఉంటుంది, చవక హోస్టింగ్‌లో పెట్టాక ఏడుస్తుంది.

పైవాటిని మాత్రమే విడిగా తెచ్చుకోవాల్సి వస్తే పేరెంట్ ఐడీ ఈక్వల్స్ నల్ అని రాయకండి, ఒక్క రో కూడా రాదు, ఎర్రరూ రాదు. ఈజ్ నల్ అని రాయాలి.

మైఎస్‌క్యూఎల్ 8లో రికర్సివ్ క్వెరీలు (ఎన్ని అంతస్తులున్నా తామే దిగేవి) ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. 15 రోల మెనూకి అవసరం లేదు, గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు.

6. చెట్టు కట్టండి, ప్రింట్ చేయండి

రెండు విడతలు.

మొదటి విడత, వచ్చిన రోల మీద ఒక లూప్ తిప్పి పేరెంట్ వారీగా గుట్టలు వేయండి. పేరెంట్ 2 ఉన్నవన్నీ ఒక అర్రేలో, 3 ఉన్నవన్నీ ఇంకో అర్రేలో. నల్ ఉన్నవాటికి కీగా, అంటే గుట్ట పేరుగా, 0 వాడండి, నల్‌ని నేరుగా అర్రే కీగా వాడితే పీహెచ్‌పీ దాన్ని ఖాళీ స్ట్రింగ్ చేసేస్తుంది, తర్వాత మీరు 0 కింద వెతికితే దొరకదు.

రెండో విడత, ఒక ఫంక్షన్. దానికి పేరెంట్ ఐడీ ఇస్తాం. ఆ ఐడీ పేరుతో గుట్ట లేకపోతే ఏమీ ప్రింట్ చేయకుండా వెనక్కొచ్చేయాలి. ఉంటే యూఎల్ తెరవాలి, ఒక్కో ఐటెంకి ఎల్ఐ తెరిచి, లోపల లింకు పెట్టి, అదే ఎల్ఐ మూయకముందే ఈ ఐటెం ఐడీతో తనని తాను మళ్ళీ పిలుచుకోవాలి, ఆ తర్వాతే ఎల్ఐ మూయాలి. చివర్లో యూఎల్ మూయాలి. మొదటిసారి 0 ఇచ్చి పిలవండి.

ఆ "మూయకముందే" అన్నది రెండోసారి చదవండి. నా దగ్గరికి డ్రాప్‌డౌన్ పనిచేయట్లేదని వచ్చినవాటిలో సగం ఇదే. ఎల్ఐ ముందే మూసేస్తే లోపలి యూఎల్ బయట పడుతుంది, బ్రౌజర్ ఏమీ అనదు, చూడ్డానికీ ఇంచుమించు సరిగ్గానే ఉంటుంది, హోవర్ (మౌస్ పైన పెడితే తెరుచుకోవడం) మాత్రం పనిచేయదు.

పేరునీ లింకునీ ప్రింట్ చేసే ముందు హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్ ఫంక్షన్‌లోంచి పంపండి. మా డేటాబేసే కదా అనకండి, రేపు అడ్మిన్ ఫారంలో (షాపాయన మెనూ మార్చుకునే పేజీ) ఎవరో ఏదో పేస్ట్ చేస్తారు. ఆ ఫారంలో సేవ్ చేసే క్వెరీకి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (విలువల్ని క్వెరీలో కలపకుండా విడిగా పంపడం) తప్పనిసరి, లింకు స్లాష్‌తో గానీ హెచ్‌టీటీపీఎస్‌తో గానీ మొదలైతేనే ఒప్పుకునేలా పెట్టండి, జావాస్క్రిప్ట్ అని మొదలయ్యే లింకుని ఆ స్పెషల్ చార్స్ ఫంక్షన్ ఆపలేదు.

పేర్లు పొడుగైతే కత్తిరిద్దామనుకుంటే ఉత్త సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ వద్దు, అది బైట్లు లెక్కపెడుతుంది. దానికి ఆవకాయ 15. మధ్యలో తెగితే చివర నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం వస్తుంది. ఎంబీతో మొదలయ్యేది వాడండి, దానికి 5. అసలు కత్తిరించకపోతే ఇంకా మంచిది, గుణింతం, వత్తు విడిపోతే అక్షరమే మారిపోతుంది.

7. సీఎస్ఎస్ ముట్టుకోకముందే చెక్ చేయండి

బొట్టు పెట్టకముందు మొహం కడుక్కోవాలి. ఇప్పుడు పేజీలో బుల్లెట్లతో, మెట్లు మెట్లుగా ఒక అందం లేని లిస్ట్ కనపడాలి. వ్యూ సోర్స్ తెరిచి ఎల్ఐ అని వెతకండి, తెరిచినవి 15 ఉండాలి. యూఎల్‌లు 4 ఉండాలి, పైది ఒకటి, మూడు డ్రాప్‌డౌన్లు. 4 కన్నా ఎక్కువుంటే పిల్లలు లేనివాటికి కూడా ఖాళీ యూఎల్ తెరుస్తున్నారు, తర్వాత అవి ఖాళీ తెల్ల డబ్బాల్లా వేలాడతాయి.

15 కన్నా తక్కువ వచ్చాయా? ఏదో రోకి తానే పేరెంట్ అయ్యుంటుంది. ఒక ఆదివారం నేను పచ్చళ్ళు రోలో పేరెంట్ ఐడీ దగ్గర పొరపాటున దాని ఐడీయే కొట్టేశా. ఫంక్షన్ 0 నుంచి దిగుతుంది కదా, తనకి తానే పిల్ల అయినదాన్ని చేరే దారే ఉండదు, పచ్చళ్ళూ దాని కింద నాలుగూ చప్పుడు లేకుండా మాయం. మెనూ అయినా నయం, పేజీ పైన "హోమ్, పచ్చళ్ళు, ఆవకాయ" అని దారి చూపించే కోడ్ కింద నుంచి పైకి ఎక్కుతుంది, అది పచ్చళ్ళు దగ్గరే గిరగిరా తిరిగి పేజీ మొత్తం తెల్లగా అయిపోయింది. పచ్చళ్ళ షాపు సైట్‌లో పచ్చళ్ళు లేవు, బాబాయ్ ఏమన్నాడో ఇక్కడ రాయలేను. ఐడీ, పేరెంట్ ఐడీ ఒకటి కాకూడదని చెక్ కన్‌స్ట్రెయింట్ (టేబుల్ మీద పెట్టే షరతు) వేద్దామంటే ఆటో ఇంక్రిమెంట్ (అంకె తనంతట తానే పెరిగే) కాలమ్ మీద మైఎస్‌క్యూఎల్ ఒప్పుకోదు. కాబట్టి అడ్మిన్ ఫారంలోనే, పేరెంట్ ఎంచుకునే లిస్ట్‌లో ఆ ఐటెంనీ దాని పిల్లల్నీ చూపించకండి. పైకి ఎక్కే లూప్‌కి కూడా ఐదు మెట్లు దాటితే ఆగిపో అని ఒక లైన్ రాయండి.

8. ఇప్పుడు స్టైల్

మొత్తం మెనూని నావ్ ట్యాగ్‌లో పెట్టి దానికి ఒక క్లాస్ ఇవ్వండి. తర్వాత:

- అన్ని యూఎల్‌లకీ లిస్ట్ స్టైల్ నన్, మార్జిన్ 0, ప్యాడింగ్ 0.
- పై యూఎల్‌కి మాత్రమే డిస్‌ప్లే ఫ్లెక్స్. నావ్ తర్వాత పెద్దది గుర్తు పెట్టి యూఎల్ అని రాయండి. ఆ గుర్తు లేకపోతే లోపలివి కూడా అడ్డంగా పరుచుకుంటాయి.
- ఎల్ఐకి పొజిషన్ రిలేటివ్. ఇది మర్చిపోతే డ్రాప్‌డౌన్లన్నీ తమ ఐటెం కింద కాకుండా పేజీ ఎడమ అంచుకెళ్ళి తెరుచుకుంటాయి.
- లోపలి యూఎల్‌కి పొజిషన్ యాబ్సల్యూట్, టాప్ 100 శాతం, లెఫ్ట్ 0, డిస్‌ప్లే నన్, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, జెడ్ ఇండెక్స్.
- ఎల్ఐ మీద హోవర్ అయినప్పుడు, ఎల్ఐ ఫోకస్ వితిన్ అయినప్పుడు, దాని లోపలి యూఎల్ డిస్‌ప్లే బ్లాక్. ఫోకస్ వితిన్ రాయకపోతే ట్యాబ్ కీతో వచ్చేవాళ్ళకి డ్రాప్‌డౌన్ అసలు తెరుచుకోదు.

మౌస్ కిందకి దించేలోపే డ్రాప్‌డౌన్ మూసుకుపోతోందా? పై లింకుకీ కింది డబ్బాకీ మధ్య మార్జిన్ ఇచ్చుంటారు, ఆ సందులో మౌస్ ఎవరి మీదా ఉండదు. మార్జిన్ తీసేసి ప్యాడింగ్ ఇవ్వండి. డ్రాప్‌డౌన్ సగం కోసేసినట్టు కనపడుతోందా? పైన ఏదో డబ్బాకి ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంది, జెడ్ ఇండెక్స్ 99999 చేసినా లాభం లేదు, ఆ ఓవర్‌ఫ్లో వెతికి తీయాల్సిందే.

తెలుగు మెనూకి ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో ఎవరూ చెప్పనివి కొన్ని ఉన్నాయి. బార్‌కి 40 పిక్సెల్స్ అని ఎత్తు బిగించకండి, పచ్చళ్ళు అన్న మాటలో చకీ ళకీ కింద వత్తులున్నాయి, అవి తెగిపోతాయి. ఎత్తు వదిలేసి పైనా కిందా ప్యాడింగ్ ఇచ్చి లైన్ హైట్ 1.6 పైనే పెట్టండి. లెటర్ స్పేసింగ్ జోలికి పోకండి, తెలుగుకి అది నప్పదు. కరివేపాకు పొడి రెండు లైన్లుగా విరగకుండా వైట్ స్పేస్ నో ర్యాప్. ఫాంట్‌కి నోటో సాన్స్ తెలుగుని వెబ్ ఫాంట్‌గా పెట్టుకుంటే ఏ ఫోన్‌లో అయినా ఒకేలా ఉంటుంది.

9. ఫోన్

ఫోన్‌లో హోవర్ లేదు. పచ్చళ్ళు మీద నొక్కితే డ్రాప్‌డౌన్ తెరుచుకునేలోపే పచ్చళ్ళ పేజీకి వెళ్ళిపోతుంది. అందుకే పిల్లలున్న ఐటెం పక్కన చిన్న బాణం బటన్ ఒకటి ఫంక్షన్‌లోనే ప్రింట్ చేయించండి, అది నొక్కితే నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ ఎల్ఐకి ఓపెన్ అనే క్లాస్ ఇవ్వాలి (ఆ క్లాస్ ఉంటే లోపలి యూఎల్ డిస్‌ప్లే బ్లాక్ అని సీఎస్ఎస్‌లో రాయండి), బటన్ మీద ఏరియా ఎక్స్‌పాండెడ్ (ఏఆర్ఐఏ, తెరిచుందో మూసుందో స్క్రీన్ రీడర్‌కి చెప్పేది) ట్రూ ఫాల్స్ మార్చాలి. ఫోన్ సైజులో లోపలి యూఎల్ పొజిషన్ స్టాటిక్ చేసేయండి. బటన్ 44 పిక్సెల్స్ చదరం ఉంటే బొటనవేలికి హాయి.

హెడ్‌లో మెటా వ్యూపోర్ట్ లేకపోతే మీడియా క్వెరీ (స్క్రీన్ సైజుని బట్టి మారే సీఎస్ఎస్) రాసినా ఫోన్‌లో డెస్క్‌టాప్ మెనూయే చిన్నగా వస్తుంది, ముందు అది చూసుకోండి.

10. చివరి రెండు పనులు

ఉన్న పేజీ లింకూ ఐటెం లింకూ ఒకటైతే ఏరియా కరెంట్ పేజ్ అని ప్రింట్ చేసి, సీఎస్ఎస్‌లో దానికే అండర్‌లైన్ ఇవ్వండి. పోల్చేటప్పుడు లింకు చివర స్లాష్ ఒకదానికి ఉండి ఇంకోదానికి లేకపోతే మ్యాచ్ కాదు, రెండిటికీ తీసేసి పోల్చండి.

మెనూ రోజూ మారేది కాదు కాబట్టి ప్రింటైన హెచ్‌టీఎంఎల్‌ని ఒక ఫైల్‌లో దాచుకుని అదే చూపించొచ్చు. అయితే అడ్మిన్‌లో సేవ్ కొట్టగానే ఆ ఫైల్ చెరిగిపోయేలా పెట్టండి, లేకపోతే "మార్చాను, మారలేదు" అని ఫోన్లు మొదలవుతాయి. ఉన్న పేజీ గుర్తు కూడా ఆ ఫైల్‌లోకి వెళ్ళకూడదు, వెళ్తే అన్ని పేజీల్లోనూ హోమ్ కిందే గీత కనపడుతుంది.

అంతా అయ్యాక మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో ఒకసారి మెనూ మొత్తం తిరగండి, తర్వాత మీ ఫోన్ కాకుండా ఇంకొకరి పాత ఫోన్‌లో తెరవండి. ఆఖర్న అడ్మిన్ ఫారం షాపాయన చేతికిచ్చి ఒక ఐటెం ఆఫ్ చేయమనండి, మీరు పక్కన కూర్చుని నోరు మూసుకోండి. మా బాబాయ్ ఉసిరికాయ ఆఫ్ చేసి, ఫోన్‌లో రిఫ్రెష్ కొట్టి, పోయిందని చూసుకుని, మళ్ళీ ఆన్ చేసి, అది వెనక్కొచ్చిందా లేదా అని ఇంకో రెండుసార్లు రిఫ్రెష్ కొట్టాడు.